వేరు పిలిచేదాకా

ఊటీ కొండల మీద పూతకొచ్చిన ఆలు మొక్కను మెల్లగా పెకలించి, మట్టి దులిపి, వేళ్లను వెలుతురుకు పట్టి చూస్తే కొన్ని పొలాల్లో సన్నని పసుపు పూసలు అంటుకుని కనిపిస్తాయి. గసగసాల గింజకన్నా చిన్నవి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఒక్కో పూసా ఒక తల్లి పురుగు. దాని కడుపులో 300 నుంచి 500 దాకా గుడ్లుంటాయి. కొద్ది వారాల్లో తల్లి చచ్చిపోతుంది. ఒళ్లు గట్టిపడి గోధుమరంగు తిత్తిగా మారుతుంది. పంట తవ్వేటప్పుడు ఆ తిత్తి వేరు నుంచి రాలి మట్టిలో కలిసిపోతుంది. లోపలి గుడ్లు అక్కడే 20 ఏళ్లు, ఒక్కోసారి 30 ఏళ్లు కూడా ప్రాణంతో ఉండగలవు. ఈ ఏడాది తండ్రి పొలంలో రాలిన తిత్తి, రేపు కొడుకు ఆలు నాటిన రోజున పిల్లల్ని విడిచిపెట్టగలదు. పంటను ఎండబెట్టే పురుగులు, ఆకు తినే పురుగులు ఎన్నో ఉన్నాయి కానీ ఇంత ఓపికగా కాచుకుని కూర్చునే శత్రువు రైతుకు అరుదు. ఈ పురుగు బలమంతా దాని ఓపికలోనే ఉంది. సీజన్ లెక్కన దానితో పోరాడినవాళ్లు ప్రతిచోటా ఓడిపోయారు. ఏళ్ల లెక్కన ఆలోచించినచోట దాన్ని అదుపులో పెట్టగలిగారు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

నులిపురుగు అనగానే మనకు పిల్లల కడుపులో పురుగులు, బడిలో వేసే మాత్రలు గుర్తుకొస్తాయి. మొక్కల వేళ్లను పట్టే పురుగులదీ ఆ పెద్ద కుటుంబమే. అయితే మట్టిలోని నులిపురుగులన్నీ చెడ్డవి అనుకుంటే పొరపాటు. గుప్పెడు సారవంతమైన మట్టిలో అవి వందలు, వేలు ఉంటాయి. ఎక్కువ భాగం బాక్టీరియాను, బూజులను తిని బతుకుతాయి. అలా తింటూ వాటిలో చిక్కుపడిన నత్రజనిని మొక్కకు అందేలా చేస్తాయి. వేరుకు హాని చేసేవి నోట్లో సూదిలాంటి ముల్లు ఉన్న కొన్ని జాతులే. ఆలుగడ్డ విషయంలో ముఖ్యమైనవి రెండు: గ్లోబోడెరా రోస్టోకియెన్సిస్, గ్లోబోడెరా పాలిడా. మొదటి దాని ఆడపురుగు తిత్తిగా మారేముందు పసుపు పచ్చగా మెరుస్తుంది. రెండోది మీగడ తెలుపు నుంచి నేరుగా గోధుమరంగులోకి మారుతుంది. సౌకర్యం కోసం వీటిని పసుపు పురుగు, తెల్ల పురుగు అందాం. ఈ రంగు తేడా చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, దాన్ని పట్టించుకోకపోవడం వల్ల ఒక దేశం ఎంత నష్టపోయిందో ముందు ముందు చూస్తాం.

ఈ రెండింటికీ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. ఆలుగడ్డను మనిషి మొదట సాగుచేసింది కూడా పెరూ, బొలీవియాల మధ్య, టిటికాకా సరస్సు చుట్టుపక్కల ఎత్తు భూముల్లోనే. పంటా పురుగూ వేల ఏళ్లు కలిసి పెరిగాయి. అక్కడి రైతులు ఊరి భూమిని భాగాలు చేసి, ఒక భాగంలో ఆలు వేశాక కొన్నేళ్ల దాకా మళ్లీ అక్కడ ఆలు వేయకుండా, ఆ భూమిని బీడుగా వదిలే కట్టుబాటు పెట్టుకున్నారు. పురుగు పేరు వాళ్లకు తెలియదు, కానీ దాని గడువు వాళ్ల ఆచారంలో ఇమిడి ఉంది. 1845లో మొదలైన ఐర్లండ్ కరువులో మాడు తెగులు ఆలు పంటను తుడిచిపెట్టాక, తట్టుకునే రకాల కోసం యూరప్ వాళ్లు దక్షిణ అమెరికా నుంచి కొత్త దుంపలు తెప్పించుకున్నారు. ఆ దుంపలకు అంటిన మట్టితోనే తిత్తులు సముద్రం దాటి ఉంటాయని శాస్త్రవేత్తల అభిప్రాయం. దుంప వెళ్లింది, దానితో పురుగు వెళ్లింది. దాన్ని అదుపులో ఉంచిన ఆచారం మాత్రం అక్కడే ఉండిపోయింది. 1881లో జర్మనీలో జూలియస్ కూన్ ఆలు వేళ్ల మీద తిత్తుల్ని గమనించాడు. 1923లో వోలెన్‌వెబర్ దాన్ని ప్రత్యేక జాతిగా వర్ణించి, రోస్టాక్ నగరం పేరు పెట్టాడు. నిజానికి ఉన్నవి రెండు జాతులని తేల్చి, తెల్ల పురుగును వేరుగా వర్ణించడానికి 1973 దాకా పట్టింది.

ఇంతకాలం గుడ్డులో అది ఎలా బతుకుతుంది? ఆకలి వేయదా? గుడ్డు పెంకు లోపల పిల్ల పురుగు ట్రెహలోజ్ అనే చక్కెర కలిసిన చిక్కటి ద్రవంలో మునిగి ఉంటుంది. ఆ చక్కెర పిల్ల ఒంట్లోని నీటిని చాలావరకు లాగేసి, దాన్ని దాదాపు కదలిక లేని స్థితిలో ఉంచుతుంది. ఊరబెట్టిన కాయ చెడనట్టే, నీరు తగ్గిన ఒళ్లు చలినీ ఎండనూ తట్టుకుంటుంది. ప్రాణం ఖర్చు కాదు. దగ్గర్లో ఆలు మొక్క వేరూనగానే దాని వేళ్లు మట్టిలోకి కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటిలో పేరున్నది సోలనోఎక్లెపిన్-ఎ. అతి స్వల్ప మోతాదులోనే పనిచేసే ఈ పదార్థాన్ని పూర్తిగా ప్రయోగశాలలో తయారుచేయడం 2011లో జపాన్ రసాయన శాస్త్రవేత్తలకు గానీ సాధ్యపడలేదు. ఆ సంకేతం తగలగానే గుడ్డు పెంకు లోపొర గుణం మారుతుంది. చక్కెర బయటికి కారిపోతుంది, నీరు లోపలికి వస్తుంది, పిల్ల ఉబ్బి మేలుకుంటుంది. తన ముల్లుతో పెంకును లోపలి నుంచి గుచ్చి గుచ్చి చీలిక చేసుకుని బయటపడుతుంది. గోధుమ వేసినా క్యారెట్ వేసినా ఈ పిలుపు అందదు. ఆలు, టమాటా, వంగ కుటుంబం వేళ్లకే అది పలుకుతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది: పిలుపు వచ్చినా గుడ్లన్నీ ఒకేసారి లేవవు. కొన్ని తర్వాతి పిలుపు కోసం మిగిలిపోతాయి. ఉన్న విత్తనమంతా ఒకే వానకు చల్లని రైతు జాగ్రత్త ఇది.

బయటపడిన పిల్ల పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి గోడలు కరిగించే నేర్పు ఉంది. మొక్క కణానికి గోడ సెల్యులోజ్‌తో కట్టింది. దాన్ని జీర్ణించే ఎంజైమును జంతువులు సొంతంగా తయారుచేసుకోలేవనీ, పశువులకు కూడా ఆ పని కడుపులోని సూక్ష్మజీవులే చేసిపెడతాయనీ చాలాకాలం అనుకున్నారు. 1998లో ఈ తిత్తి పురుగుల్లోనే ఆ ఎంజైము జన్యువులు దొరికాయి. ఎప్పుడో ఏ బాక్టీరియా నుంచో ఆ జన్యువు పురుగు వంశంలోకి చేరిందని ఇప్పుడు నమ్ముతున్నారు. ముల్లుతో గుచ్చుతూ, గోడల్ని మెత్తబరుస్తూ పిల్ల వేరు లోపలి నాళాల దగ్గరికి చేరి, అక్కడ ఒక కణాన్ని ఎంచుకుని తన లాలాజలం ఎక్కిస్తుంది. ఆ కణం పక్క కణాలతో గోడలు కరిగి ఏకమై, వందకు పైగా కణాలు కలిసిన పెద్ద మేత గదిగా మారుతుంది. మొక్క దుంపకు పంపవలసిన ఆహారం ఈ గదిలోకి మళ్లుతుంది. పిల్ల ఇక అక్కడి నుంచి కదలదు. ఆడదైతే ఉబ్బి ఉబ్బి, తల వేరులోనే ఉంచి, ఒళ్లు వేరు చర్మం చీల్చుకుని బయటికి వస్తుంది. మనకు కనబడే పూస అదే.

ఆడా మగా అన్నది కూడా దీనికి పుట్టుకతో తేలదు, తిండిని బట్టి తేలుతుంది. మేత గది బాగా ఎదిగి, ఆహారం దండిగా అందితే ఆడది అవుతుంది. తిండి చాలకపోతే మగదై, మళ్లీ సన్నని పురుగుగా మారి వేరు వదిలి, జత కలిసి కొద్ది రోజుల్లో చనిపోతుంది. దీనివల్ల పొలంలో ఒక చిత్రమైన లెక్క నడుస్తుంది. పురుగులు కిక్కిరిసినచోట వేళ్లు చితికిపోయి, మగవి ఎక్కువై సంఖ్య తనంతట తానే తగ్గుతుంది. పురుగులు కొద్దిగా ఉన్నచోట ఒక్కోదానికీ కావలసినంత మేత, ఆరోగ్యమైన వేరు దొరికి, ఆడవి ఎక్కువవుతాయి. ఒక్క ఆలు పంటలో సంఖ్య పదింతలు కావడం మామూలే. అంటే సగమో ముప్పాతికో చంపి ఊరుకుంటే, మిగిలినవాటికి మనమే విందు వడ్డించినట్టు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాతి చర్చ అంతా తేలికవుతుంది.

మొదటి ప్రశ్న అందరూ అడిగేదే: మంచి మందు లేదా? మందులు ఉన్నాయి, వాడారు కూడా. గుళికలు చల్లారు, మట్టిలోకి విషవాయువులు ఎక్కించారు. అవి బయట తిరిగే పిల్ల పురుగును దెబ్బతీస్తాయి. తిత్తి లోపల నిద్రపోతున్న గుడ్డును చేరడం వాటికి కష్టం. మందు ఎంతో బాగా పనిచేసి నూటికి 80 పురుగుల్ని చంపిందనుకుందాం. మిగిలిన 20, వేళ్లు ఆరోగ్యంగా ఉన్నాయి కనుక పదింతలైతే పంట చివరికి 200 అవుతాయి. ఆ ఏటి దిగుబడి నిలిచింది. పొలం మాత్రం మొదలుపెట్టిన దానికన్నా రెండింతలు పురుగుపట్టింది. వచ్చే ఏడు అదే మందు ఇంకాస్త ఎక్కువ కావాలి. పైగా ఆ విషాలకు మంచి నులిపురుగు, చెడ్డ నులిపురుగు అన్న తేడా తెలియదు. నీలగిరుల్లాంటి చోట వాలు పొలాల మీద పడిన వాన కింద భవానీ, మోయార్ నదుల్లోకి చేరుతుంది. ఆ వాలు మీద చల్లిన విషం చల్లినచోటే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మందు అసలే వద్దని కాదు. ఆపదలో పంటను గట్టెక్కించే ఉపాయంగా దాన్ని చూడాలి. దాన్నే పద్ధతిగా చేసుకుంటే పురుగుకు కాలం కలిసొస్తుంది.

రెండో ప్రశ్న ఇంకా బలమైనది: పురుగును తట్టుకునే రకాలు వేస్తే సరిపోదా? ఇది నిజంగా గొప్ప ఆయుధం. 1952లో ఎలెన్‌బీ అనే శాస్త్రవేత్త దక్షిణ అమెరికా దుంపల సేకరణలో పురుగు పెరగని ఆలు రకాన్ని గుర్తించాడు. అందులోని జన్యువుకు హెచ్-1 అని పేరు. ఈ జన్యువున్న మొక్క వేరు మామూలుగానే పిలుస్తుంది, పిల్లలు మామూలుగానే వస్తాయి. లోపలికి చేరాక మేత గది చుట్టూ కణాలు చచ్చిపోయి తిండి అందదు. ఆడవి కావలసినవి మగవైపోతాయి, లేదా చస్తాయి. పిలిచి పస్తు పెట్టడం అన్నమాట. బీడు భూమిలో ఏళ్లు పట్టే పని ఒక్క పంటలో అయిపోతుంది. ఈ జన్యువుతో కేంబ్రిడ్జ్‌లో తయారైన మారిస్ పైపర్ అనే రకం 1966లో బ్రిటన్ రైతులకు అందింది. రుచి బాగుంది, వేపుడుకు బాగుంది, విపరీతంగా వేశారు. పసుపు పురుగు తగ్గింది. కానీ హెచ్-1 తెల్ల పురుగును ఏమీ చేయలేదు. పోటీ తొలగిన పొలంలో తెల్ల పురుగు నిశ్శబ్దంగా పెరిగింది. 1990ల చివర ఇంగ్లండ్, వేల్స్ ఆలు పొలాల్లో చేసిన సర్వేలో 64 శాతం పొలాల్లో తిత్తి పురుగు కనిపించింది. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల్లో ఉన్నది ఒక్క తెల్ల పురుగే. తట్టుకునే రకం ఓడిపోయిందని దీని అర్థం కాదు. ఒకే తాళంచెవిని ఏళ్ల తరబడి ఒకే తలుపుకు పెట్టి, పక్క తలుపు తెరిచి ఉంచడం వల్ల వచ్చిన నష్టం ఇది.

మన దేశంలో ఈ కథ 1961లో మొదలైంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన సంస్థకు చెందిన ఎఫ్.జి.డబ్ల్యు. జోన్స్ ఊటీ దగ్గర పొలంలో తిత్తుల్ని గుర్తించాడు. చల్లటి వాతావరణం, ఏడాదిలో ఒకటికి మించి ఆలు పంటలు తీసే వీలు, ఎత్తు భూమి: పురుగుకు పుట్టింటిని తలపించే చోటు. తర్వాత కొడైకెనాల్ కొండల్లోనూ అది కనిపించింది. నీలగిరుల్లో పసుపు పురుగూ తెల్ల పురుగూ రెండూ ఉన్నాయి కనుక హెచ్-1 ఒక్కటే ఇక్కడ చాలదు. అందుకే సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ రెండు జాతుల్నీ తట్టుకునే కుఫ్రీ స్వర్ణ రకాన్ని తయారుచేసి 1985లో విడుదల చేసింది. తర్వాత కుఫ్రీ నీలిమ, కుఫ్రీ సహ్యాద్రి వచ్చాయి. అయినా రైతుకు, వ్యాపారికి అలవాటైన కుఫ్రీ జ్యోతి పొలాలను వదల్లేదు. అది ఈ పురుగుకు లొంగే రకం. ఇక్కడ రైతును తప్పుపట్టడం సులువు. కానీ అతను అమ్ముకోవలసింది మార్కెట్లో అడిగే దుంప. తట్టుకునే రకానికి బజారులో గిరాకీ కల్పించకుండా, పొలంలో అదే వేయమనడం న్యాయం కాదు. కొనేవాళ్లం మనం కూడా ఈ లెక్కలో ఉన్నాం.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఎకరం, అరెకరం ఉన్న రైతు ఏళ్ల తరబడి ఆలు మానేసి ఎలా బతుకుతాడు? దీనికి జవాబు లెక్కలోనే ఉంది. ఆలు వేయని ఏడాది పసుపు పురుగు గుడ్లలో సుమారు 30 శాతం తమంతట తామే పొదిగి, తిండిలేక చస్తాయి. 100 గుడ్లతో మొదలుపెడితే మూడేళ్ల విరామానికి 34 మిగులుతాయి. అప్పుడు లొంగే రకం వేస్తే అవి పదింతలై 340 అవుతాయి. అంటే మూడేళ్లు ఆగినా వెనక్కే నడిచాం. ఏడేళ్లు ఆగితే 8 మిగులుతాయి, పదింతలైనా 80 దాటవు. ఆండీస్ రైతుల పొడవాటి విరామంలోని తెలివి ఇక్కడ అంకెల్లో కనబడుతుంది. తెల్ల పురుగు ఇంకా మెల్లగా తగ్గుతుంది కనుక దానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. మరి ఇదే లెక్కలో తట్టుకునే రకాన్ని చేర్చి చూడండి. మొదటి ఏడాది ఆ రకం వేస్తే 100 కాస్తా సుమారు 25కు పడిపోతాయి. తర్వాత మూడేళ్లు క్యారెట్, క్యాబేజీ, బీట్‌రూట్, వెల్లుల్లి, బీన్స్ వేస్తే 9 మిగులుతాయి. అయిదో ఏట లొంగే రకం వేసినా 90 లోపే ఆగుతుంది. ఎనిమిదేళ్లకు ఒక్క ఆలు పంట వచ్చేచోట అయిదేళ్లకు రెండు పంటలు వస్తాయి. మధ్యలో భూమి ఖాళీగా ఉండదు, ఆ కూరగాయలకు కొండ కింద మార్కెట్ ఉంది. ప్రతి పొలంలో అంకెలు ఇలాగే రావు. మట్టి, చలి, పురుగు జాతిని బట్టి మారతాయి. దారి మాత్రం ఇదే. ఒక హెచ్చరిక తప్పదు: తవ్వగా మిగిలిపోయిన చిన్న దుంపలు మరుసటి ఏడాది క్యారెట్ మళ్లలో మొలుస్తాయి. వాటిని పీకేయకపోతే ఆ విరామం పేరుకే విరామం. వాటి వేళ్లు పురుగును పిలుస్తూనే ఉంటాయి.

నాలుగోది కట్టడి మీద అభ్యంతరం. 1971లో తమిళనాడు ప్రభుత్వం నీలగిరుల నుంచి విత్తన దుంపలు బయటికి వెళ్లకుండా ఆంక్షలు పెట్టింది. 2018లో హిమాచల్ ప్రదేశ్, జమ్మూ కశ్మీర్, ఉత్తరాఖండ్‌లలో కూడా తిత్తులు బయటపడ్డాక అక్కడి విత్తన దుంపల రవాణా మీద కేంద్రం ఆంక్షలు విధించింది. విత్తనం అమ్ముకుని బతికే కొండ రైతుకు ఇది పెద్ద దెబ్బ. తప్పు చేయనివాడికి శిక్ష ఎందుకన్న ప్రశ్నలో బాధ ఉంది. కానీ ఈ పురుగు తనంతట తాను ఏడాదిలో ఒక గజం కూడా సరిగా కదలలేదు. అది ఊళ్లు దాటేది మన విత్తన దుంపల మట్టితో, గోనెసంచులతో, ట్రాక్టరు చక్రాలతోనే. అందుకే ఈ పురుగు విషయంలో కట్టడి నిజంగా పనిచేస్తుంది. అమెరికాలో 1941లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో పసుపు పురుగు కనిపించింది. యంత్రాలు కడిగించారు, విత్తనం ఆపారు, తట్టుకునే రకాలు వేయించారు. ఎనిమిది దశాబ్దాలు గడిచినా పసుపు పురుగు ఆ రాష్ట్రం దాటి దేశమంతా పాకలేదు. కాబట్టి ప్రశ్న కట్టడి ఉండాలా వద్దా అన్నది కాదు, దాని బరువు ఎవరు మోయాలన్నది. దేశమంతటి ఆలు పంటను కాపాడడానికి కొన్ని లోయల రైతులు నష్టపోతుంటే, ఆ నష్టంలో వాటా దేశం పంచుకోవాలి. పరిహారం ఉన్నచోట రైతు పురుగు కనబడితే చెబుతాడు. లేనిచోట దాస్తాడు. దాచిన పురుగే దూరం వెళ్తుంది.

దాచడానికి తోడు, పురుగు తనను తాను దాచుకోవడంలో కూడా దిట్ట. పొలంలో అక్కడక్కడా గుండ్రంగా మొక్కలు గిడసబారి, పసుపుబారి, మధ్యాహ్నం ఎండకు వాలిపోతాయి. నీళ్లు తక్కువయ్యాయనో ఎరువు చాలలేదనో రైతు అనుకుంటాడు. అది తిత్తి పురుగు పనే అయితే, కంటికి కనబడే నాటికి అది ఆ మట్టిలో చేరి ఏళ్లు అయి ఉంటుంది. అప్పుడు మేలుకోవడం ఇల్లు కాలాక బావి తవ్వినట్టే. యూరోపియన్ యూనియన్ దేశాల్లో విత్తన ఆలు వేసే పొలం మట్టిని ముందే పరీక్షించాలన్న నిబంధన అందుకే ఉంది. దోసెడు మట్టిని నీళ్లలో కడిగి, తేలిన తిత్తుల్ని వడగట్టి చూడడం పెద్ద ఖర్చు పని కాదు. ఏ జాతి ఉందో కూడా తెలుసుకుని ఆ తర్వాత రకం ఎంచుకుంటే, బ్రిటన్ చేసిన పొరపాటు మనం మళ్లీ చేయనక్కరలేదు.

తెలుగు నేల మీద ఈ పురుగు భయం ఎంత? కొందరు బంగాళాదుంప అన్నా, కొందరు ఆలుగడ్డ అన్నా, చిత్తూరు వైపు ఉర్లగడ్డ అన్నా, మన జహీరాబాద్, పలమనేరు ప్రాంతాల్లో పంట ఉంది. తిత్తి పురుగుకు చల్లని మట్టి ఇష్టం, వేడి పెరిగితే ఎదుగుదల కుంటుపడుతుంది కాబట్టి మన మైదానాల్లో అది నీలగిరుల్లోలా చెలరేగే అవకాశం తక్కువ. మనకు రోజూ తగిలే చుట్టం వేరే ఉంది: టమాటా, మిరప, వంగ, జామ వేళ్ల మీద బుడిపెలు కట్టే వేరుబుడిపె నులిపురుగు. దానికి ఇన్నేళ్ల నిద్ర లేదు, ఎన్నో రకాల మొక్కల మీద బతుకుతుంది, వేసవి వేడిలో నెలలోపే తరం మారుస్తుంది. కానీ పొలానికి చేరే దారి మాత్రం ఒకటే: మనం కొని తెచ్చుకునే నాటు సరుకు. కవరు చించి వేళ్లు చూడకుండా తెచ్చిన జామ మొక్క, ఏ మట్టిలో పండిందో అడగకుండా దించుకున్న విత్తన దుంపల లారీ, రెండూ ఒకే రకం ప్రమాదం. కొనేరోజు అడిగే ఒక్క ప్రశ్న పదేళ్ల మందు ఖర్చు తప్పించగలదు.

ఈ లెక్కలన్నీ చివరికి ఒక చిన్న పనిమీద ఆధారపడతాయి. ఏ పొలంలో ఏ ఏడాది ఏ రకం ఆలు వేశారో, విత్తనం ఎక్కడిదో, మట్టి పరీక్షలో ఏం తేలిందో రాసిపెట్టుకోవాలి. కౌలు మారినా, పొలం చేతులు మారినా ఆ కాగితం పొలంతోనే ఉండాలి. ఊరి వ్యవసాయ కార్యాలయంలో ఒక పుస్తకం పెట్టినా చాలు. తల్లి తిత్తి తన గుడ్లను 20, 30 ఏళ్లు దాచిపెడుతుంది. మన దగ్గర గత నాలుగు సీజన్ల లెక్క కూడా ఉండదు. ఆ తేడా ఉన్నంతకాలం ఎంత మంచి రకం వచ్చినా, ఎంత గట్టి మందు వచ్చినా మట్టిలో ఉన్నదానికే తెలుసు ఎప్పుడు లేవాలో. ఆ పుస్తకం తెరిచి చూసి నాటే రైతు మాత్రం, పిలవవలసిన ఏడాదే దాన్ని పిలుస్తాడు.